డ్యూటీ చొక్కా

ఆ ఎండాకాలం కొత్త చట్టం వచ్చింది. ఓటున్న ప్రతి మనిషీ తప్పనిసరిగా వెళ్ళి వెయ్యాలి. వెయ్యకపోతే పిలిపించి సంజాయిషీ అడుగుతారు, అది నచ్చకపోతే జరిమానా. ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ మాటెత్తలేదు. ఎత్తాల్సిన మనిషి వీధిగదిలో కుర్చీలో కూచుని, గడియారం వంక చూస్తూ, "బండి ఇంకా రాలేదేం?" అని అడుగుతున్నాడు.

ఆ మనిషి మా నాన్న. సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. తరవాత కొన్నాళ్ళకి మరుపు మొదలైంది. మొదట కళ్ళజోడు, తరవాత మా వీధి, ఆ తరవాత మేము. బస్సు మాత్రం పోలేదు.

చట్టం రాకముందు ఎన్నో ఏళ్ళు మా ఇంట్లో దాని మీద చర్చ నడిచింది. రేడియోలో ఎవరో పెద్దమనిషి ఓటు తప్పనిసరి చెయ్యాలని మొదలుపెట్టేవాడు, ఇక్కడ అమ్మా నాన్నా అందుకునేవాళ్ళు.

"ఎక్కాలనుకున్నవాడే ఎక్కాలి. బలవంతంగా ఎక్కిస్తే దాన్ని బస్సనరు, పోలీసు వ్యానంటారు" అనేవాడు నాన్న.

"ఎక్కనివాడికి మళ్ళీ బస్సు బాగాలేదని తిట్టే హక్కెందుకో. కుళాయి దగ్గర అందరికంటే ఎక్కువ అరిచేది వాళ్ళే" అనేది అమ్మ.

అమ్మ తప్పనిసరి పక్షం, నాన్న ఇష్టముంటేనే పక్షం. ఆ ఇష్టమున్నవాడు ఒక్క ఎన్నిక కూడా ఎగ్గొట్టలేదు. తీరా చట్టం వచ్చేసరికి ఇంట్లో గెలిచింది అమ్మ. గెలిచానని దెప్పడానికి ఎదురుగా మనిషి లేడు.

పార్టీల దగ్గరా అంతే. నాన్నది గొడుగు గుర్తు, అమ్మది నిచ్చెన. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇద్దరూ ఇస్త్రీ బట్టలేసుకుని కలిసి వెళ్ళి, ఒకరి ఓటు ఒకరు కొట్టేసి, కలిసి తిరిగొచ్చేవాళ్ళు. కాలేజీలో చేరిన కొత్తలో నేను తెలివి ఒలకబోశాను.

"ఇంట్లో పడుకున్నా లెక్క ఒకటేగా. ఎందుకా ఎండలో నిలబడ్డం?"

"నేను పడుకుంటే మీ అమ్మ చప్పుడు కాకుండా వెళ్ళి వేసొస్తుంది" అన్నాడు నాన్న.

"ఛ, ఆయన పడుకుంటే నేనూ పడుకుంటాను. ఎదుటి మనిషి లేకుండా ఆడే ఆటేంటి? ఆయన పడుకోరు, అదీ నా ఖర్మ" అంది అమ్మ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అమ్మకి బస్సు పడదు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పుతుంది, కిటికీ పక్క సీటిచ్చినా సరే. నాన్న అన్నేళ్ళు డ్యూటీ చేశాడు గాని అమ్మ ఆ బండి ఎక్కింది లేదు. బజారు నుంచి సంచులు మోసుకుంటూ నడిచొచ్చేది. "కండక్టరుగారి భార్య కాలినడకన వస్తోంది" అని వీధిలో వాళ్ళకి అదో వేళాకోళం.

ఎన్నికల తేదీ ప్రకటించాక వార్డు ఆఫీసు నుంచి ఒకావిడ పేర్లు సరిచూసుకోడానికి వచ్చింది. ఎండలో తిరిగి తిరిగి ముఖం కందిపోయింది, భుజాన పెద్ద సంచి. నాన్న ఆ పూట గడ్డం గీయించుకుని శుభ్రంగా ఉన్నాడు. ఆవిడ ఎదురుగా కూచుని, "మీ పేరు చెప్పండి" అంది. నాన్న ఆవిణ్ణీ సంచినీ ఎగాదిగా చూశాడు.

"లగేజీకి వేరే టిక్కెట్టు తీసుకోవాలమ్మా."

ఆవిడ హాస్యమనుకుని పకపకా నవ్వింది. అమ్మ ముఖం చూశాక ఆపేసింది. మంచినీళ్ళు తాగి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఇలాంటివాళ్ళకి మినహాయింపు ఉందమ్మా. మతి స్థిమితం లేదని డాక్టరుగారి దగ్గర ఒక ముక్క రాయించుకొస్తే పేరు తీసేస్తాం. మిమ్మల్నెవరూ ఏమీ అడగరు."

"తీసేస్తే మళ్ళీ ఎప్పుడు పెడతారు?" అంది అమ్మ.

"మళ్ళీ అంటే... ఇంక ఉండదమ్మా. తీసేసినట్టే."

అమ్మ గ్లాసు అందుకుంది. "ఆయన వస్తారు. నేను తీసుకొస్తాను" అంది.

ఆవిడ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆ ఆదివారం అన్నయ్య వచ్చాడు. వాడు కరెంటాఫీసులో పని చేస్తాడు. ఏ విషయమైనా స్విచ్చి వేసినట్టు తేలిపోవాలి వాడికి. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టాడు.

"ఆయన్ని ఆ జనంలోకి తీసుకెళ్తావా? పోయినసారి నేనొస్తే నన్ను చూసి, వెనక సీటు ఖాళీ ఉంది బాబూ అన్నాడు."

"మొన్న పాలు పొంగుతుంటే ఎవరూ చెప్పకుండా లేచెళ్ళి స్టవ్ ఆపారు. అది నువ్వు చూళ్ళేదు."

"పాలు వేరు, ఓటు వేరు. డాక్టరు నాకు తెలిసినవాడే. ఒక్క కాగితమమ్మా."

"మీ నాన్నకి మతి లేదని ఊరందరికీ తెలిసేలా రాయించుకు రమ్మంటావు. అంతేగా?"

"నేనా అన్నది? చట్టం అంటోంది. అయినా ఈ చట్టం రావాలని ఇన్నాళ్ళూ ఇంట్లో కొట్లాడింది ఎవరు, నువ్వు కాదా?"

అమ్మ చేతిలో ఉన్న బట్ట మడత పెట్టడం ఆపింది. "అందరూ వెయ్యాలన్నాను" అంది. "ఆయన అందరిలో లేరా?"

అన్నయ్య లోపలికెళ్ళి నాన్న పక్కన కాసేపు కూచున్నాడు. నాన్న వాడి భుజం మీద చెయ్యి వేసి, నీ స్టాపు రాగానే చెప్తాలే, నిద్రపో అన్నాడు. వాడు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. వాడంటే నాకు ఎప్పుడూ ఉండే చిరాకు ఆ రోజు పోయింది.

నేనెవరి పక్షమంటే చెప్పలేను. మతి తప్పిన మనిషిని లైన్లో నిలబెట్టే చట్టం ఏం చట్టమని కోపం వచ్చేది. నిలబెట్టకుండా పేరు కొట్టేస్తారంటే ఇంకా కోపం వచ్చేది. ఆ కోపమంతా కళ్ళజోళ్ళ షాపులో తీర్చుకునేదాన్ని. నేను పనిచేసేది అక్కడే. ఆ సీజన్లో మాకు గిరాకీ పెరిగింది. ఓటు కాగితం మీద గుర్తులు కనపడవేమోనని ముసలివాళ్ళంతా అద్దాలు మార్పించుకోడానికి వచ్చారు. కొందరు రివర్సులో వచ్చారు. ఒకాయన కౌంటరు మీదికి వంగి, "ఎవరికీ వెయ్యాలని లేదమ్మా. కళ్ళు బొత్తిగా ఆనవని రాసివ్వకూడదూ" అని బతిమాలాడు.

"కళ్ళు ఆనకపోతే తోడు మనిషినిచ్చి వేయిస్తారట. అయినా ఇంత దూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చారు కదా, రాసిచ్చేముందు మిమ్మల్ని ఆస్పత్రిలో చేర్పించాలి" అన్నాను. నవ్వుతూ అనాల్సిన మాటే, కరుగ్గా వచ్చింది. వద్దనుకునేవాళ్ళు ఇంతమంది ఉండగా, కావాలనే వెళ్ళే మా నాన్న పేరు మీదే పడ్డారేమని నా ఏడుపు.

ఇంట్లో అమ్మ బడి పెట్టింది. పాత క్యాలెండర్లు కత్తిరించి వెనక తెల్లవైపు గుర్తులన్నీ గీసింది. గొడుగు, నిచ్చెన, గంట, తాళంచెవి. సీసా మూతకి సిరా అద్ది ముద్దరగా ఇచ్చింది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్ల దగ్గర కూచోబెట్టి, "మీకు నచ్చినదాని మీద ముద్దర వెయ్యండి. ఒక్కటే వెయ్యాలి. వేసి మడిచి ఈ డబ్బాలో పడెయ్యండి" అని మొదట్నుంచీ చెప్పేది. నాన్న బనీనుతో కూచుని, బుద్ధిగా వినేవాడు. కొన్నాళ్ళు అన్నిటి మీదా వేశాడు. కొన్నాళ్ళు బల్ల మీద వేశాడు. ఓసారి అమ్మ చేతి మీద వేసి, ఆవిడ ముఖంలోకి చూసి నవ్వాడు. అది వారం దాకా పోలేదు, అమ్మ కూడా రుద్ది కడుక్కోలేదు.

"గొడుగు చూపించి, దాని మీద వెయ్యమని చెప్పెయ్యరాదూ. ఎలాగూ ఆయనది అదేగా" అన్నాను.

"చూపిస్తే నా ఓటవుతుంది. నాకు ఒకటుంది చాల్లే."

ఒక మధ్యాహ్నం షాపు నుంచి భోజనానికొచ్చేసరికి అమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది, కాగితం ముక్క పట్టుకుని. గొడుగు నడినెత్తి మీద ఒకే ఒక్క ముద్దర, ఎక్కడా చెదరకుండా ఉంది.

"చూశావా ఈయన బుద్ధి. నిచ్చెన అంత ముద్దొచ్చేలా గీశాను, దాని వంక చూడందే. మళ్ళీ గొడుగే. నిన్నా అదే, ఇవాళా అదే" అని తిట్టింది. అమ్మ అంత సంతోషంగా తిట్టడం విని ఎన్నాళ్ళయిందో. నాకు మాత్రం భయమేసింది. ఆశ పెట్టుకున్నవాళ్ళని చూస్తే నాకెప్పుడూ భయమే.

ఓట్ల రోజు పొద్దున్నే చొక్కా దగ్గర గొడవైంది. ఎవరైనా గుండీలు పెట్టబోతే నాన్న చేతులు విదిలించేవాడు. అమ్మ కొంతసేపు అవస్థపడి, పెట్టె తీసి అడుగున ఉన్న ఖాకీ డ్యూటీ చొక్కా బయటికి తీసింది. ఇస్త్రీ చేసి ముందే ఉంచిందని అప్పుడు తెలిసింది. ఎడమ భుజం మీద సంచి పట్టీ రాసుకుని రంగు వెలిసిన గీత ఇంకా ఉంది. నాన్న దాన్ని చూడగానే లేచి నిలబడి, తనే తొడుక్కుని, కింది నుంచి పైదాకా గుండీలు పెట్టుకుని, కాలరు సర్దుకున్నాడు.

"ఇదేంటమ్మా, దీన్నేసుకుని వెళ్తారా?"

"మనం తొడిగితే చంటిపిల్లాణ్ణి తీసుకొచ్చినట్టుంటుంది. ఇది తనంతట తను వేసుకున్నారు. మనిషిలా వస్తారు" అంది అమ్మ.

ఓట్లు వేసేది స్కూల్లో. మామూలుగా నీడలో నలుగురు నిలబడే చోట ఆ రోజు లైను గేటు దాటి రోడ్డు మీదికొచ్చింది. వచ్చినవాళ్ళలో సగం మంది ముఖాలు పన్ను పీకించుకోడానికి వచ్చినట్టున్నాయి. వాళ్ళ వెనక మేము నిలబడ్డాం. నాన్న కాసేపు లైను పొడవునా చూశాడు. వీపు నిటారైంది. నా చేతిలోంచి చెయ్యి మెల్లిగా లాక్కుని ముందుకి నడిచాడు.

"లోపలికి జరగండి, లోపల ఖాళీగానే ఉంది. సార్, ఆ సంచి కాళ్ళ దగ్గర పెట్టుకోండి. పెద్దావిడ నిలబడి ఉంది, ఎవరైనా కాస్త సీటివ్వండి."

నేను వెనకే పరిగెత్తాను. కాని జనం ముందు నవ్వి, తరవాత నిజంగానే జరిగారు. గేటు దగ్గర గుంపు పలచబడింది. ఎవరో పెద్దావిడకి నిజంగానే క్లాసులోంచి స్టూలు తెచ్చి వేశారు. పోలీసాయన కర్ర చంకలో పెట్టుకుని, హాయిగా చూస్తూ నిలబడ్డాడు. మా వీధి చివర రొట్టెల షాపతను నాన్న బస్సులో ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి. "రైట్ చెప్పు మామా, కదుల్తాం" అని అరిచాడు. నాన్న "రైట్ రైట్" అన్నాడు, అదే గొంతు. లైను కదిలింది. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అంత పొడుగు లైన్లో ఎవరూ విసుక్కోలేదు. అరెరే, ఈయనకేమైంది, బాగానే ఉన్నాడుగా అనుకున్నాను. నేను కూడా ఆశపడ్డాను.

లోపల బల్ల దగ్గర ఒక పెద్దాయన, బహుశా మేష్టారు, పేరు చూసి, వేలికి సిరా పెట్టి, ఓటు కాగితం చేతికిచ్చాడు. తెర అటు వైపు ఉందని చూపించాడు. నాన్న అటు వెళ్ళలేదు. కాగితాన్ని తిప్పి చూశాడు. బొటనవేలితో మధ్యలో నొక్కిపట్టి, సర్రున అడ్డంగా చింపి, పెద్ద ముక్క ఆ మేష్టారికిచ్చాడు.

"దగ్గరుంచుకోండి సార్. చెకింగొస్తే చూపించాలి."

గోడ పక్కన గొడుగు తరఫున కూచున్నతనూ నిచ్చెన తరఫున కూచున్నతనూ ఇద్దరూ తలలు దించుకున్నారు. మేష్టారు ఆ ముక్కని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "పర్వాలేదండీ, ఇంకోటి ఇస్తాను" అన్నాడు.

"ఒక మనిషికి ఒకటే సార్" అన్నాడు నాన్న.

మేష్టారు అమ్మ వైపు తిరిగాడు. "తోడుగా వచ్చినవాళ్ళు వెయ్యొచ్చమ్మా. ఆయన బదులు మీరు వేస్తారా?"

అమ్మ తల అడ్డంగా ఊపింది. అప్పటికి నాన్న మిగిలిన ముక్క చేత్తో పట్టుకుని, వరసలో తరవాతి మనిషి దగ్గరికొచ్చాడు. ఆ తరవాతి మనిషి అమ్మే. చొక్కా జేబు తడుముకుని, పెన్ను కోసం కాబోలు, మర్యాదగా అడిగాడు.

"మీరెక్కడ దిగాలండీ?"

నాన్న ఎప్పుడూ అమ్మని మీరు అనలేదు. కోపంలోనూ అనలేదు, నవ్వులాటకీ అనలేదు. అమ్మ ఆయన వంక చూస్తూ నిలబడింది.

"చివరిదాకా వస్తానండి" అంది.

"అయితే చాలా దూరముంది. కూచోండి" అన్నాడు నాన్న.

తరవాత అమ్మ తన కాగితం తీసుకుని తెర వెనక్కి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. మేష్టారు తొందరపెట్టలేదు. వచ్చి, మడిచిన కాగితం పెట్టెలో వేసి, నాన్న చేతిలో ముక్కని ఏదో చెప్పి తీసుకుని మేష్టారికిచ్చి, నాన్న చెయ్యి పట్టుకుంది. దారి పొడుగునా నాన్న హుషారుగా ఉన్నాడు. మూల తిరిగిన ప్రతిచోటా స్టాపు పేరు చెప్పాడు. అమ్మ ప్రతి దానికీ ఊఁ కొట్టింది.

ఇంటికొచ్చి, నాన్నకి అన్నం పెట్టి, పడుకోబెట్టి, గిన్నెలు తోముతూ నాతో అంది.

"అన్నయ్యకి ఫోన్ చెయ్యి. ఆ డాక్టరు ఏ వేళప్పుడు ఉంటాడో కనుక్కోమను."

"సరే" అన్నాను.

లెక్కింపు రోజు సాయంత్రం రేడియో పెట్టాం. నిచ్చెన గెలిచింది, ఆషామాషీగా కాదు, ఊడ్చేసింది. వీధిలో టపాకాయలు పేలుతుంటే నాన్న కుర్చీలోంచి లేచి, టైరు పంక్చరైందేమో చూడమని ఎవరికో కేకేశాడు. మాకు అలవాటైన చప్పట్లూ దెప్పుళ్ళూ లేకుండా ఆ వార్త అలా నడిచిపోతుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"నీ నిచ్చెన గెలిచిందే అమ్మా. ఈసారి నీ ఓటు కొట్టేసేవాళ్ళు కూడా లేకపోయె, నిఖార్సుగా నిలిచింది" అన్నాను.

అమ్మ రేడియో కట్టేసింది.

"నేను గొడుక్కి వేశాను" అంది.

"అదేంటి?"

"ఆయన వెయ్యలేకపోయారుగా. మరి ఆయనది ఎవరు వేస్తారు?"

"మేష్టారు వెయ్యమన్నారుగా ఆయన బదులు. అది అప్పుడే వేసేస్తే ఆయనదీ ఉండేది, నీదీ ఉండేది."

"ఆయన ముందే, ఆయన చెయ్యలేరని ఒప్పుకునా?" అంది అమ్మ. రేడియో మూలకి జరుపుతూ, "ఆయన నిలబడి ఉంటే నాది ఎలాగూ నిలిచేది కాదుగా" అంది. మొగుడికి మతి లేదని డాక్టరు ఎదురుగా చెప్పినప్పుడు కూడా ఏడవని మనిషి, ఓడిపోయిన గొడుగు కోసం ఆ సాయంత్రం కూచుని ఏడ్చింది. నేను పక్కన కూచున్నాను.

వానలు పడ్డాక వార్డు ఆఫీసు నుంచి సవరించిన పేర్ల కాగితం వచ్చింది. మా ఇంటి నంబరు కింద అమ్మ పేరుంది, నా పేరుంది. పై వరస లేదు. అమ్మ దాన్ని చూసి, నాకిచ్చి, లోపలికెళ్ళి డబ్బా తెచ్చింది. అందులో అప్పుడు కత్తిరించిన క్యాలెండరు కాగితాలు ఇంకా చాలా మిగిలున్నాయి. గొడుగులూ, నిచ్చెనలూ, ముద్దరలు లేకుండా. వాటిని కట్టగా సర్ది, నాన్న డ్యూటీ చొక్కా జేబులో పెట్టింది.

ఆ రోజు నుంచి సాయంత్రాలు అదే పని. నాన్న చొక్కా తనే తొడుక్కుని వీధిగదిలో నిలబడేవాడు. అమ్మ పని ముగించుకుని, ముఖం కడుక్కుని, వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూచునేది. ఆయన దగ్గరికొచ్చి, కాగితం మధ్యలో నొక్కిపట్టి, మీరెక్కడ దిగాలండీ అని అడిగేవాడు. అమ్మ రోజూ చివరి స్టాపే చెప్పేది. చీకటి పడి నేను దీపం వేసేదాకా ఆ టిక్కెట్టు చేత్తో పట్టుకుని అలాగే కూచునేది. ఒక్కరోజు కూడా కడుపులో తిప్పుతోందని అనలేదు.